కాయిల్ మార్చే ముందు ట్యాంకులోని సున్నం మాకు చూపించండి: ఒంగోలు గీజరు మెకానిక్‌లకు, షాపుల వాళ్లకు బహిరంగ లేఖ

ఒంగోలులో గీజర్లు అమ్మే షాపుల యజమానులకు, వాటిని బిగించి బాగుచేసే మెకానిక్, ప్లంబర్ అన్నదమ్ములకు నమస్కారం.

నేను లాయర్‌పేటలో ఉంటాను. ఇంటి ముందు గదిలోనే నా టైలరింగ్ షాపు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మీలో కొందరి ఇళ్ల జాకెట్లు, పిల్లల యూనిఫారాలు నా మిషన్ మీదే కుట్టి ఉంటాను. మీ చేతిపని లేకపోతే మా ఇళ్లు ఒక్క రోజు గడవవని నాకు బాగా తెలుసు. అందుకే పోయిన చలికాలం మా ఇంట్లో జరిగింది మీకే చెప్పాలని, చెప్పి మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా పెద్దమ్మాయి పురిటికి వచ్చింది. బిడ్డకు ఇరవై మూడో రోజు. పొద్దున ఏడింటికి పసివాడికి నూనె రాసి, నలుగు పెట్టి, లాల పోయడానికి నేను కాళ్లు చాపుకుని కూర్చున్నాను. అమ్మాయి బాత్రూంలోకి వెళ్లి వేడినీళ్ల కుళాయి మీద తడిచెయ్యి వేసింది. "అమ్మా" అని ఒక్క కేక. చెంబు కిందపడిన చప్పుడు. భుజం దాకా జివ్వుమని లాగిందట. పడిపోకుండా తలుపు పట్టుకుని నిలబడింది. మా ఆయన పరుగెత్తి ఎంసీబీ దింపారు. ఇంకో రెండు నిమిషాలు ఆగితే ఆ కుళాయి కిందే బకెట్ పెట్టుకుని, బిడ్డను కాళ్ల మీద వేసుకుని నేను కూర్చునేదాన్ని. ఆ పూట పసివాడికి స్టవ్ మీద కాచిన నీళ్లతోనే పోశాను. నా చేతుల వణుకు మధ్యాహ్నానికి గానీ తగ్గలేదు.

ఆ గీజరు కొని అప్పటికి నాలుగేళ్లు కూడా కాలేదు. కాయిల్ పోవడం అది మూడోసారి. మొదటి రెండుసార్లు వచ్చినవాళ్లు కింద మూత తీసి, మీటరు పెట్టి చూసి, "కాయిల్ పోయింది మేడం" అని కొత్తది వేసి వెళ్లిపోయారు. నలభై నిమిషాల పని. రెండోసారి వచ్చిన అబ్బాయిని "ఎందుకు పోతోంది నాయనా?" అని అడిగాను. "బోరు నీళ్లు కదండీ, ఇక్కడ అంతే" అన్నాడు. ఆ "ఇక్కడ అంతే" అన్న మాటతోనే నా పేచీ.

మూడోసారి వచ్చినాయన పెద్దవాడు. వచ్చీ రాగానే కాయిల్ జోలికి పోలేదు. ఎంసీబీ దిగి ఉందో లేదో చూసి, టెస్టర్‌తో మళ్లీ చూసుకుని, "ఈ గీజర్ని ఒక్కసారైనా కడిగించారా అమ్మా?" అని అడిగాడు. గీజర్ని కడుగుతారని నాకు అప్పటిదాకా తెలియదు. నీళ్లు వచ్చే వాల్వ్ కట్టేసి, ట్యాంకు ఖాళీ చేసి, కింద పెద్ద బకెట్ పెట్టించాడు. వైర్లు ఊడదీసే ముందు ఏది ఎక్కడుందో నా ఫోనుతోనే ఫోటో తీయించాడు. నట్లు విప్పి, కాయిల్ బిగించి ఉండే గుండ్రటి ప్లేటును మెల్లగా కిందికి లాగాడు. రాలేదు. లోపల ఎవరో పట్టుకున్నట్టు కొంచెం వచ్చి ఆగింది. రెండు చేతులతో అటూ ఇటూ ఆడించాక ఊడింది. ఊడుతూనే తెల్లటి పెచ్చులు జలజలమని బకెట్లో రాలాయి.

కొన్ని కోడిగుడ్డు పెంకులంత పల్చగా ఉన్నాయి. కొన్ని పాత గోడకు ఊడిన సున్నం పెళ్లలంత మందం. కాయిల్ కాయిల్‌లా లేదు. చుట్టకూ చుట్టకూ మధ్య సందు పూడిపోయి, ముగ్గుపిండిని తడిపి ముద్ద చేసి ఎండబెట్టినట్టు ఉంది. ఒకచోట ఆ ముద్ద చీలి, లోపల గొట్టం నల్లగా మాడి, పగిలి కనబడింది. "కరెంటు నీళ్లలోకి దిగింది ఇక్కణ్నుంచే" అని వేలు పెట్టి చూపించాడు. తర్వాత ట్యాంకులో చెయ్యి పెట్టి అడుగున ఉన్నదంతా గుప్పిళ్లతో తోడాడు. అదంతా మేడ మీద పేపరు పరిచి ఆరబెట్టి, వంటింటి కాటాలో తూచాను. కిలోంపావు ఉంది. 15 లీటర్ల గీజరులో కిలోంపావు సున్నం!

అదే ప్లేటుకు కాయిల్ పక్కన సన్నటి ఇనప తీగ ఒకటి వేలాడుతోంది. "ఇది ఆనోడ్ రాడ్ అమ్మా. కొన్నప్పుడు మీ బొటనవేలంత లావు ఉండేది" అన్నాడాయన. నేను నమ్మలేకపోయాను. తర్వాత కొత్తది కొన్నప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తే గానీ అర్థం కాలేదు. ఇనప ట్యాంకు లోపల గాజు పూత వేస్తారు. ఆ పూతలో ఎక్కడో ఒకచోట సూది మొనంత లోపం ఉండనే ఉంటుంది. నీళ్లు అక్కడ ఇనుమును తినకుండా, ముందు తినడానికి పెట్టినది ఈ మెగ్నీషియం కడ్డీ. తాను కరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. అది అయిపోయిన నాటి నుంచి తుప్పు ట్యాంకుకే పడుతుంది. మన ఒంగోలు సముద్రానికి దగ్గర. బోర్లలో ఉప్పు ఎక్కువ. ఉప్పు ఎక్కువైన కొద్దీ ఆ కడ్డీ ఇంకా త్వరగా కరుగుతుంది. నా గీజరుకు రెండుసార్లు కాయిల్ మార్చినవాళ్లు ఆ ప్లేటును కళ్లతో చూశారు, చేత్తో పట్టుకున్నారు. కడ్డీ తరిగిపోతోందని ఒక్క మాట చెప్పలేదు.

నా పనితో పోల్చి చెప్తాను. చంక దగ్గర చిరిగిన జాకెట్టు ఎవరైనా తెస్తే, నేను ముందు లైనింగ్ తిప్పి చూపిస్తాను. "గుడ్డే చివికిపోయిందమ్మా, ఇక్కడ కుట్టు వేస్తే రేపు పక్కన చిరుగుతుంది, ముక్క వేయమంటావా?" అని అడుగుతాను. కుట్టు వేసి డబ్బులు తీసుకోవడం నాకు తేలిక. కానీ చిరుగు ఎందుకు వచ్చిందో తెలిసి కూడా చెప్పకపోతే ఆ కుట్టుకు విలువ లేదు. ఆ పెద్దాయన చేసినదీ అదే. ఆయన తీసుకున్నది ముందు ఇద్దరూ తీసుకున్నదానికంటే ఎక్కువే. సంతోషంగా ఇచ్చాను.

సున్నం నాకు కొత్త కాదు. షాపులో స్టీమ్ ఐరన్ వాడతాను. మొదట్లో బోరు నీళ్లే పోసేదాన్ని. ఆరు నెలలకు కింది రంధ్రాలు మూసుకుపోయాయి. ఒకరోజు పెళ్లివాళ్ల నల్ల పట్టు జాకెట్టు మీద ఐరన్ నుంచి తెల్లటి పొడి చిమ్మి మచ్చలు పడ్డాయి. అప్పుడే నిమ్మ ఉప్పు సంగతి తెలుసుకున్నాను. ఇన్నేళ్లూ ఐరన్‌కు జరిగినదే బాత్రూంలో గోడకు వేలాడే డబ్బాలో జరుగుతుందన్న ఆలోచనే నాకు రాలేదు. మూత తీసి ఎవరూ చూపించలేదు కదా.

మీకు తెలిసినదే అయినా, షాపులో కొత్తగా చేరిన కుర్రాళ్ల కోసం రాస్తున్నాను. వాననీళ్లు మట్టిలోంచి దిగేటప్పుడు కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొంచెం పుల్లబడతాయి. ఆ నీళ్లు సున్నపు రాళ్లను, సున్నపు మట్టిని కరిగించి, కాల్షియం, మెగ్నీషియం బైకార్బొనేట్లుగా మోసుకొస్తాయి. చల్లగా ఉన్నంతసేపు గ్లాసులో తేటగానే కనిపిస్తాయి. వేడి తగలగానే గ్యాసు విడిపోయి, కరిగి ఉన్న సున్నం గట్టిగా మారి బయటపడుతుంది. ఎక్కడ వేడి ఎక్కువో అక్కడే ముందు పేరుకుంటుంది. గీజరులో అన్నిటికంటే వేడిది కాయిల్ ఒళ్లే. పప్పు ఉడకని నీళ్లు, సబ్బు నురగ రాని నీళ్లు, కాయిల్‌ను కాల్చే నీళ్లు, మూడూ ఒకటే.

ఇక్కడ ఒక మాట. సున్నం పడితే కరెంటు బిల్లు విపరీతంగా పెరుగుతుందని అందరూ అంటారు. కాయిల్ ఉన్నది నీళ్ల మధ్యలో. అది పుట్టించే వేడి ఆలస్యంగానైనా ఆ నీళ్లలోకే పోవాలి, వేరే దారి లేదు. అందుకే బిల్లులో తేడా అనుకున్నంత ఉండదు. అసలు దెబ్బ కాయిల్ మీద. మే నెల ఎండలో మందపాటి రగ్గు కప్పుకున్నట్టు, దాని వేడి దానిలోనే ఉండిపోయి, లోపల కాలి, పైగొట్టం పగులుతుంది. సున్నం కింద ఇరుక్కున్న నీళ్లు ఆవిరై బయటికి తన్నుకొచ్చే చప్పుడే గీజరులో వినిపించే టపటప, గుడగుడ. మా ఇంట్లో ఆ చప్పుడు ఏడాదిగా వస్తోంది. పాతబడింది కదా అనుకున్నాం.

ఇంకో గుర్తు ఉంది, దీన్ని ప్రతి ఇల్లాలికీ చెప్పండి. 2 కిలోవాట్ల కాయిల్ 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే సుమారు 18 నిమిషాలు పడుతుంది. ట్యాంకులోని నీళ్లు పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్విచ్ వేసి, ఎర్ర లైటు ఎప్పుడు ఆరుతుందో గడియారం చూస్తే చాలు. మా ఇంట్లో పది నిమిషాలకే ఆరిపోయేది. "తొందరగా కాగుతోంది, మంచి గీజరు" అని నేను మురిసిపోయాను. తీరా చూస్తే కాయిల్‌కూ, నీళ్లు కాగాక కరెంటు ఆపే థర్మోస్టాట్ గొట్టానికీ మధ్య సున్నం గట్టిపడి, కాయిల్ వేడి నేరుగా దానికే తగిలి ముందే కట్ అవుతోంది. ఒక బకెట్ పట్టగానే చల్లనీళ్లు వచ్చేవి అందుకే.

ఇప్పుడు షాపుల వాళ్లతో. గీజరు కొనేటప్పుడు నన్ను ఎన్ని లీటర్లు కావాలన్నారు, ఎన్ని స్టార్లన్నారు, తెలుపా ఐవరీయా అన్నారు. మీ నీళ్ల హార్డ్‌నెస్, అంటే నీళ్లలో కరిగిన సున్నం లెక్క, ఎంత అని అడగలేదు. సున్నం వల్ల వచ్చే పాడుకు గ్యారంటీ వర్తించదని కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న సంగతి నాకు మొదటి కాయిల్ పోయాకే తెలిసింది.

బిడ్డ సంగతి జరిగాక నేను మా బోరు నీళ్లు ఒక సీసాలో, మున్సిపల్ నీళ్లు ఒక సీసాలో పట్టుకెళ్లి ల్యాబులో ఇచ్చాను. బోరుకు 580 వచ్చింది, మున్సిపల్ నీళ్లకు 170. లీటరుకు అన్ని మిల్లీగ్రాముల లెక్క. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం హార్డ్‌నెస్ 200 దాకా ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకనిచోట 600 దాకా ఒప్పుకుంటారు. అంటే మా బోరు నీళ్లు ఆ లెక్కన హద్దు లోపలే ఉన్నాయి. గీజరుకు మాత్రం యమగండం. మేడ మీది 1000 లీటర్ల ట్యాంకు ఒకసారి నిండితే, అరకిలోకు పైగా సున్నపు సరుకు ఎక్కినట్టే. అంతా గీజరులో పేరుకోదు, చాలా భాగం నీళ్లతోనే పోతుంది. కానీ రోజూ కొంచెం కొంచెం మిగిలితే నాలుగేళ్లకు కిలోంపావు ఎలా అయిందో తెలుస్తూనే ఉంది.

టీడీఎస్ పెన్ను ఒకటి నీళ్లలో ముంచి అంకె చూపించి భయపెట్టడం మానమని చేతులెత్తి అడుగుతున్నాను. టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన అన్ని లవణాల లెక్క. మామూలు ఉప్పు కూడా అందులోకే వస్తుంది, ఉప్పు కాయిల్ మీద పెచ్చు కట్టదు. కొత్తపట్నం వైపు ఉండే మా తోడికోడలి ఇంట్లో బోరు నీళ్లు నోట్లో పోసుకోలేం. టీడీఎస్ మాకంటే బాగా ఎక్కువ. హార్డ్‌నెస్ మాత్రం మాలో సగమే. ఆమె గీజరు కాయిల్ ఆరేళ్లుగా అదే. కాకపోతే ఆ ఉప్పుకు ఆనోడ్ రెండుసార్లు మార్చింది. రోగం ఒకటైతే కొలత ఇంకొకటి కాకూడదు.

హార్డ్‌నెస్ కొలవడం కష్టమా? మన జిల్లాలో రొయ్యల చెరువుల వాళ్లను అడగండి. హార్డ్‌నెస్, ఆల్కలినిటీ చూడకుండా వాళ్లు చెరువులో సీడ్ వదలరు. ఆక్వా షాపుల్లో టెస్ట్ కిట్లు దొరుకుతాయి. చిన్న సీసాలో నీళ్లు పోసి, రంగు చుక్కలు వేసి, ఇంకో సీసాలోని మందు చుక్కచుక్కగా లెక్కపెడుతూ వేస్తే, ఎర్రటి రంగు కాస్తా నీలానికి తిరుగుతుంది. ఎన్ని చుక్కలు పట్టాయో అదే లెక్క. రొయ్య పిల్ల కోసం మనం చూస్తున్నది, పసిపిల్లల స్నానాల గీజరుకు చూడలేమా? కౌంటర్ మీద అలాంటి కిట్టు ఒకటి పెట్టుకోండి. కొనేవాళ్లను ఒక సీసా నీళ్లు తెమ్మనండి. వచ్చిన అంకెను బిల్లు మీద రాయండి, మెకానిక్ తమ్ముడు ఆ అంకె చూసి ఎప్పుడు కడగడానికి రావాలో రాసిస్తాడు. ఈ ఉత్తరంలో నేను అడిగేవాటిలో ఇదే ముఖ్యం.

ఫ్లోరైడ్ పేరు కూడా ఇందులోకి తేవద్దు. మన నేల ఆ బాధ ఎప్పటి నుంచో పడుతోంది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి డాక్టర్లు మొదట రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసే. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతాలు అప్పుడు ఆ జిల్లాలోవే. ఆ నొప్పి తెలిసినవాళ్లను "మీ నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది, అందుకే గీజరు పోయింది" అని బెదిరించి ఇంకో మిషన్ అమ్మడం పాపం. ఫ్లోరైడ్ వేరు, సున్నం వేరు. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు కూడా. గీజరు నీళ్లు వంటకు వాడొద్దని మాత్రం అందరికీ చెప్పండి.

ఇక ప్లంబర్ అన్నదమ్ములకు. మా ఊళ్లో చాలా ఇళ్లకు మేడ మీద రెండు ట్యాంకులు ఉంటాయి, ఒకటి బోరుకు, ఒకటి మున్సిపల్ నీళ్లకు. నాగార్జున సాగర్ కుడి కాలువ నుంచి చెరువుల్లోకి నింపుకుని మనకు పంపే నీళ్లు బోరు కంటే ఎంతో మెత్తన. అవి రోజూ రావు, నిజమే. కానీ గీజరుకు కావలసింది ఎంత? వేడినీళ్లలో చల్లనీళ్లు ఎలాగూ బోరువే కలుపుకుంటాం. నలుగురున్న ఇంటికి గీజరులోంచి రోజుకు అరవై లీటర్లు పోతే గొప్ప. మా ఇంట్లో గీజరుకు వెళ్లే పైపును బోరు లైను నుంచి తీసి మున్సిపల్ ట్యాంకుకు మార్పించాను. ఒక పూట పని, రెండు మూడు ఎల్బోలు, కొంచెం పైపు. అన్ని ఇళ్లకూ కుదరకపోవచ్చు. కుదిరినచోట కొత్త ఇల్లు కట్టేటప్పుడే ఈ మాట యజమాని చెవిన వేయండి.

అలా మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. మిక్సర్ దగ్గర బోరు నీళ్లు, మున్సిపల్ నీళ్లు కలుస్తాయి. గీజరు ఇన్‌లెట్ దగ్గర నీళ్లను వెనక్కి పోనివ్వని నాన్ రిటర్న్ వాల్వ్ సరిగా పట్టకపోతే, బోరు నీళ్లు గీజరులోంచి వెనక్కి ఎక్కి తాగే నీళ్ల ట్యాంకులో కలిసిపోతాయి. ఆ వాల్వ్‌లో కూడా సున్నం ఇరుక్కుంటుంది. విప్పి చూసి, పట్టడం లేదంటే కొత్తది వేయండి.

కడగడం గురించి ఆ పెద్దాయన పక్కన నిలబడి నేర్చుకున్నది చెప్తాను. ఆయన కొత్త కాయిల్ వేశాడు. కానీ మా చిన్నబ్బాయి ఇంట్లో గీజరు కాయిల్ మంచిగానే ఉంది, సున్నం మాత్రం పట్టింది. దాన్ని కడిగాం. ప్లేటు విప్పి, ఆనోడ్ ఊడదీసి పక్కన పెట్టాడు. పులుపు తగిలితే మెగ్నీషియం కరిగిపోతుంది కాబట్టి ముందు అది తీయాలి. బకెట్లో లీటరు గోరువెచ్చటి నీళ్లకు యాభై గ్రాముల నిమ్మ ఉప్పు చొప్పున కలిపి, కరెంటు కొసలు పైన ఉండేలా కాయిల్‌ను అందులోకి దించాడు. దించిన మరుక్షణం సోడా కొట్టినట్టు బుస్సుమని నురగ. నీళ్లు తెల్లబడ్డాయి. గంటన్నర ఉంచి, మధ్యలో ఒకసారి నీళ్లు మార్చి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే గొట్టం బయటపడింది. ట్యాంకులోది చేత్తో, ప్లాస్టిక్ గరిటెతో తీశాడు. స్క్రూడ్రైవర్‌తో గీకబోయిన మా వాణ్ని ఆపాడు. గాజు పూత పెచ్చు లేస్తే ఇక ఆ ట్యాంకు తుప్పు పట్టినట్టే. గ్యాస్కెట్ బాగానే కనబడుతున్నా కొత్తదే వేశాడు. చివరికి వేడినీళ్ల కుళాయి తెరిచి, గాలి అంతా పోయి నీళ్ల ధార ఆగకుండా వచ్చేదాకా ఆగి, అప్పుడే స్విచ్ వేయనిచ్చాడు. ఖాళీ ట్యాంకులో కాయిల్ వెలిగితే కొత్తదైనా నిమిషాల్లో మాడిపోతుంది.

కొందరు ఇదే పనికి బాత్రూం యాసిడ్ పోస్తున్నారు. త్వరగా అవుతుంది, నిజమే. మా వెనక వీధిలో ఒకరింట్లో అలాగే పోసి పది నిమిషాల్లో కడిగి వెళ్లారు. ఎనిమిది నెలలకు ట్యాంకు అడుగు కారింది. ఆ యాసిడ్ సున్నంతో ఆగదు. కాయిల్ గొట్టాన్ని, అతుకులను, పూత లేచినచోట ఇనుమును తింటుంది. పైగా కిటికీ చిన్నగా ఉండే బాత్రూంలో ఆ ఆవిర్లు పీల్చేది మీరే. అక్కడే బ్లీచింగ్ పౌడర్ ఏదైనా కలిసిందంటే క్లోరిన్ గ్యాసు పుడుతుంది. మీకూ ఇంట్లో పిల్లలున్నారు. పది నిమిషాల పని కోసం మీ ఊపిరితిత్తులు పాడుచేసుకోవద్దు. గంటన్నర ఆగడానికి మేం సిద్ధం, ఆ గంటన్నరకు డబ్బులు ఇవ్వడానికి కూడా.

సేఫ్టీ వాల్వ్‌లోంచి చుక్కలు పడుతున్నాయని ఎవరైనా ఫోన్ చేస్తే, దానికి డమ్మీ కొట్టి మూసేయకండి. యజమాని అడిగినా చేయకండి. నీళ్లు కాగేటప్పుడు పెరిగే ప్రెషర్ పోవడానికి ఉన్న దారి అది. థర్మోస్టాట్ ఇరుక్కుపోయి, వేడి మితిమీరితే కరెంటు ఆపే కటౌట్ కూడా పనిచేయని రోజున ఆ దారి సున్నంతోనో డమ్మీతోనో మూసుకుని ఉంటే ట్యాంకు పేలుతుంది.

ఎర్త్ సంగతి రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి ఆడదు. మా అమ్మాయికి షాక్ కొట్టింది కాయిల్ పగలడం వల్ల ఒక్కటే కాదు. గీజరు బిగించిన రోజున సాకెట్ వెనక ఎర్త్ వైరును మడిచి, టేపు చుట్టి వదిలేశారు. పెద్దాయన సాకెట్ విప్పి చూపించాడు. ఆకుపచ్చ వైరు, దాని మీద నల్ల టేపు. నాలుగేళ్లుగా ఆ గోడ వెనక అలాగే ఉంది. కాయిల్ సున్నంతో కాలి పగలడం మన ఊళ్లో ఎప్పటికైనా జరిగేదే. పగిలిన రోజున మనిషిని కాపాడేవి ఎర్త్, కరెంటు లీకైతే వెంటనే తానే కట్ చేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్ మాత్రమే. ఎర్త్ లేని సాకెట్‌కు గీజరు బిగించనని మీరు చెప్పండి. యజమాని విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఈ ఒక్క విషయంలో బతిమాలడం కాదు, గట్టిగా అడుగుతున్నాను.

పైపుకు తగిలించే అయస్కాంతాలు, వైరు చుట్టే మిషన్లు సున్నాన్ని ఆపుతాయని చెప్పి అమ్ముతున్నారు. గట్టి ఆధారం లేకుండా మా దగ్గర వేలు తీసుకోవద్దు. నీళ్లలోంచి సున్నాన్ని తీసే రెసిన్ సాఫ్ట్‌నర్ నిజంగా పనిచేస్తుంది. కానీ దానికి ఉప్పు పోస్తూ ఉండాలి, కడిగిన ఉప్పునీళ్లు పోవడానికి చోటు ఉండాలి. అపార్ట్‌మెంట్లకు సరే, మా లాంటి ఇళ్లకు ఏడాదికోసారి కడిగించుకోవడమే నయం. థర్మోస్టాట్‌ను చివరిదాకా తిప్పి వదలకుండా 60 దగ్గర పెట్టినా సున్నం పట్టడం తగ్గుతుంది. బిగించేటప్పుడే ఆ ముల్లు తిప్పి చూపించండి.

మీ వైపు నుంచి కూడా ఆలోచించాను. కాయిల్ మారిస్తే సరుకు మీద మిగులుతుంది, కడిగితే చాకిరీ ఎక్కువ, డబ్బు తక్కువ. డిసెంబరు వచ్చిందంటే రోజుకు పది ఫోన్లు, ఒక్కో ఇంట్లో రెండు గంటలు నిలబడే తీరిక ఉండదు. అందుకే కడిగే పనిని సెప్టెంబరు, అక్టోబరులకు జరపండి. అప్పుడు మీకు పని తక్కువ, మాకు చన్నీళ్లతో ఇబ్బంది ఉండదు. కడగడానికి ఇంత, ఆనోడ్‌కు ఇంత, గ్యాస్కెట్‌కు ఇంత అని ముందే ఒక రేటు చెప్పండి. ఏడాదికోసారి తప్పకుండా పిలిచే ఇళ్లు వంద ఉంటే, ఎప్పుడో కాయిల్ కాలినప్పుడు పిలిచే ఇళ్ల కంటే అవే మీకు ఆధారం. నా షాపు నడుస్తున్నదీ అలాగే. పెళ్లి జాకెట్లు ఏడాదికి ఒక్కసారి, ఫాల్స్ కుట్టించుకునేవాళ్లు ప్రతి వారం.

మూత తీసినప్పుడల్లా ఇంట్లో వాళ్లను పిలవండి. బకెట్లో రాలినది చూపించండి, ఆనోడ్ ఎంత మిగిలిందో చూపించండి, గీజరు మీద మార్కర్‌తో తేదీ రాయండి. మా గీజరు మీద ఆ పెద్దాయన రాసిన తేదీ ఇంకా చెరిగిపోలేదు.

మనవడికి ఇప్పుడు పళ్లు వస్తున్నాయి. దసరాకు అమ్మాయి మళ్లీ వస్తోంది. ఆలోపు ఒకసారి గీజరు విప్పించాలి. పెద్దాయన ఒంట్లో బాగాలేక ఎక్కువ ఇళ్లకు తిరగడం లేదు, మీలో ఎవరైనా రండి. ఆనోడ్, నిమ్మ ఉప్పు కొని ఉంచాను. వచ్చేటప్పుడు కొత్త గ్యాస్కెట్ ఒకటి తెచ్చుకోండి చాలు.

ఇట్లు,
మీ ఖాతాదారు,
లాయర్‌పేట, ఒంగోలు